తడి వేలు

మొదటి తెర మీద ఒకటే వాక్యం పెట్టాను:
"నీళ్లు మరగనివ్వండి."
దానికే నాకు మూడు రోజులు పట్టింది.

స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం కొట్టు మీద మా ఆఫీసు.
కింద మూట గుమ్మరించినప్పుడల్లా
పైన లాప్‌టాప్ మీద సన్నగా తవుడు.
దాన్ని చొక్కా చేత్తో తుడుచుకుంటూ
డికాక్షన్ రంగుకి సరిపోయే నంబరు వెతుకుతున్నాను.
కోడు రాసే వకుళ టీ తాగుతుంది.
ఆ రంగు బెల్లం పాకంలా ఉందంది.

మూలాపేట మెస్సులో నలభై ఏళ్లుగా
డికాక్షన్ దించుతున్న మస్తానయ్య దగ్గరికి వెళ్లాను.
పొడి ఎంత?
"చాలినంత."
నీళ్లు?
"పొడి తాగినంత."
ఎంతసేపు ఆగాలి?
ఇత్తడి ఫిల్టరు నడుం మీద గోటితో తట్టాడు,
పైన ఒకసారి, కింద ఒకసారి.
"ఇదే చెప్తాది. నన్నడిగేదెందుకు?"

నా పుస్తకంలో మూడు ప్రశ్నలు,
జవాబుల చోట గ్లాసు అడుగు గుండ్రంగా.

తిరిగొచ్చి
చాలినంతను మూడు చెంచాలు చేశాను.
తాగినంతను నూటయాభై మిల్లీలీటర్లు చేశాను.
గోటి చప్పుడుని, ఏం చెయ్యాలో తోచక,
పన్నెండు నిమిషాల గడియారం చేశాను.
అందంగానే వచ్చింది, అబద్ధమెందుకు.
అడుగున "తర్వాత" అని ఆకుపచ్చ మీట.

కాఫీ పెట్టడం బొత్తిగా రాని మనిషి కావాలన్నాను.
పెంచలయ్యను చూపించారు.
ఇందుకూరుపేట అవతల రొయ్యల గుంటల మీద
రాత్రి కాపలా.
కరెంటు పోయిన క్షణం నిద్రలో ఉన్నాడా,
జనరేటరు పడేలోపు
ఎవరిదో ఏడాది అప్పు నీళ్లలో ఊపిరాడక పోతుంది.
అందుకని అతనికి కాఫీ కావాలి.

పదకొండు దాటాక ఫోన్ చేతికిచ్చాను.
అప్పుడే మేత ట్రే ఎత్తి చూసొచ్చాడు.
మీట నొక్కాడు. కదల్లేదు.
మళ్లీ నొక్కాడు. తడి వేలిని
నా తెర గుర్తుపట్టలేదు.
లుంగీకి తుడుచుకుని గట్టిగా అదిమాడు,
మూడు తెరలు ఒక్కసారే దూకాయి.
"ఇప్పుడు పాలు కలపండి."
ఇంకా ఒక్క చుక్క పడలేదు.

"ఏంది సామీ, నీ ఫోనుకి నాకంటే తొందరగా ఉండాదే!"

ఫోన్ని మేత బస్తా మీద బోర్లించి
ఫిల్టరు పక్కన చెవి పెట్టాడు.
వెనక ఏరేటర్లు నీళ్లని చితకబాదుతున్నాయి.
బేరింగు అరుగుతోందని
రెండు గుంటల అవతల నుంచే చెప్పే చెవి అది.
నాకేమీ వినిపించలేదు.
కాసేపటికి అతను తలూపాడు.
అప్పుడు నేను గడియారం చూసుకోలేదు,
చూసుకుని ఉండాల్సింది.

మొదటి గుక్క అతను తాగి
మొహం అదోలా పెట్టి నాకిచ్చాడు.
ఉప్పు.
బోరు నీళ్లు!
మూలన నీలం క్యాను నిండుగా ఉంది.
"అవి తాగేదానికి కదా,
పొయ్యి మీద పెట్టేదానికా?" అన్నాడు.

మూడు రోజుల వాక్యం నాది.
ఏ నీళ్లో చెప్పలేదు.

ఇద్దరం ఆ ఉప్పు కాఫీనే తాగాం.
నిద్ర మాత్రం పోయింది.

తెల్లారి మొదటి బస్సులో, సీటు మీద ఎగిరిపడుతూ,
"తాగే నీళ్లు" అని దిద్దాను.
వకుళ పనుల జాబితాలో పైన రాసింది: తడి వేలు.
మీట తీసేద్దామన్నాను.
తీసేస్తే జనం ఎట్లా ముందుకి పోతారంది.
ఆ గొడవ ఇంకా తెగలేదు.

నిన్న రాత్రి రెండింటికి
పెంచలయ్య నుంచి ఒక వాయిస్ మెసేజీ.
పంతొమ్మిది సెకన్లు. మాట లేదు.
ఏరేటర్లు, ఎక్కడో కుక్క,
చివర్లో లోహం మీద
టప్.

మళ్లీ పెట్టి వకుళకి వినిపించాను.
తనకేమీ వినపడలేదంటుంది.